తువ్వాలు పాట ఎవరిది

మా బ్యాండ్ పేరు బిన్ ఇన్‌స్పెక్టర్స్. చెత్తడబ్బాల తనిఖీదార్లన్నమాట. ఆ పేరు గ్లెన్ పెట్టాడు. మంచి పేరు పెట్టుకుంటే జనం మెచ్చుకుంటారేమోనని వాడి భయం. గ్లెన్ గిటార్ వాయిస్తూ పాడతాడు. మోసీ డ్రమ్స్ కొడతాడు. నేను, డెల్విన్ ప్యూ, బాస్ గిటార్ వాయిస్తాను. సిడ్నీకి ఉత్తరాన ఉన్న మా న్యూకాసిల్‌లో మాలాంటి బ్యాండ్లు వీధికొకటి ఉంటాయి. ఏ గరాజ్ తలుపెత్తినా లోపల ముగ్గురు కుర్రాళ్ళు, గిటార్ చప్పుడు పెంచే ఆంప్ పెట్టె కాలిపోయినదొకటి కనపడతాయి.

మాది ఆల్టర్నేటివ్ రాక్. అంటే ఏమిటే అని మా అమ్మ ఒకసారి అడిగింది. గిటార్ గరగరమనాలి, మాటలు సగం వినపడకూడదు, వాయించేవాళ్ళు తమ బూట్ల వంక చూస్తూ నిలబడాలి, పొరపాటున పాట ఎవరికైనా నచ్చితే సిగ్గుపడాలి అని చెప్పాను. దానికంత కష్టపడటం ఎందుకు, ఊరికే కూర్చుంటే పోలేదా అంది అమ్మ.

మాకు ఇంకో పద్ధతి కూడా ఉంది. పాట ఎవరు రాసినా సీడీ మీద ముగ్గురి పేర్లూ వేస్తాం. ఏ పాట ఎవరిదన్నది బయట చెప్పం. ఊళ్ళో చాలా బ్యాండ్లది ఇదే పద్ధతి. నీ పాటా నా పాటా అని కొట్టుకుని విడిపోయినవాళ్ళని చూసి పెట్టుకున్న నియమం. మంచిదే. గ్లెన్ పాటలు ఎవరికీ గుర్తుండనంత కాలం దానితో ఏ ఇబ్బందీ రాలేదు.

తువ్వాలు పాట నేను రాశాను. అదిగో, చెప్పేశాను.

నాకొక తమ్ముడున్నాడు, గారెత్. మా నాన్న ఉక్కు ఫ్యాక్టరీలో ఫోర్‌మన్. కాళ్ళావేళ్ళా పడి వీడికి అక్కడ అప్రెంటిస్ పని ఖాయం చేయించాడు. చేరాల్సిన రోజు పొద్దున అలలు బాగున్నాయని వీడు అలల మీద జారే బోర్డు పట్టుకుని మెరివెదర్ బీచికి పోయాడు. మధ్యాహ్నానికి తడి జుట్టుతో ఇంటికొచ్చి, తువ్వాలు పెరట్లో తీగ మీద ఆరేసి, లోపలికి వచ్చి శాండ్‌విచ్ చేసుకుంటున్నాడు. అప్పుడు పట్టుకున్నాడు నాన్న. ఏమేం అనుకున్నారో మళ్ళీ చెప్పను. మా వీధి వీధంతా విన్నది. వీడు ఆ శాండ్‌విచ్ అక్కడే వదిలేసి, బ్యాగు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. ఉత్తరాన కరుంబా దాకా పోయి రొయ్యల పడవ ఎక్కాడు. అమ్మకి మొసలి బొమ్మ ఉన్న కార్డులు పంపుతాడు. వాటి మీద రాసేది ఒక్కటే మాట, బాగున్నా అని.

తువ్వాలు మాత్రం తీగ మీదే ఉండిపోయింది. అది తీసి మడత పెడితే వాడు వెళ్ళిపోయాడని ఒప్పుకున్నట్టు. అందుకే అమ్మ తియ్యలేదు. నేనూ తియ్యలేదు. అన్నిటికంటే ఆశ్చర్యం, నాన్న కూడా తియ్యలేదు. మా ఇంట్లోది గొడుగులా తిరిగే బట్టల తీగ. నాన్న తన షెడ్డుకి పోవాలంటే దాని కిందుగానే పోవాలి. నడుం పట్టేసిన మనిషి. అయినా రోజూ ఆ తువ్వాలు దగ్గరికి రాగానే వంగి, దాటి, మళ్ళీ నిలబడి వెళ్ళేవాడు. చేత్తో పక్కకి తోసినా సరిపోయేది. తొయ్యలేదు. వంటింటి కిటికీలోంచి అది చూసి చూసి నేనా పాట రాశాను.

నీ తువ్వాలు నా తీగ మీదే ఉంది,
వానొస్తే తడిసింది, ఎండొస్తే ఆరింది,
నువ్వొస్తే తీద్దామని అలాగే ఉంది.

ఇది పల్లవి. మొదటి చరణంలో వాడి బోర్డు, ఇసక, సగం తిన్న శాండ్‌విచ్ ఉంటాయి. రెండో చరణంలో నాన్న ఉంటాడు, వంగి వెళ్తూ. పాటలో ప్రాణమంతా ఆ రెండో చరణంలోనే ఉంది. పల్లవి ఉన్నది జనాన్ని అక్కడిదాకా తీసుకురావడానికి.

ప్రాక్టీసుకి తెచ్చి వినిపించాను. గ్లెన్ అన్నం గిన్నెలో బల్లి కనపడినవాడిలా మొహం పెట్టి, ఇది రేడియో పాటలా ఉందే అన్నాడు. వాడి వెనక మోసీ అప్పటికే ఈల వేస్తున్నాడు. సరే, సీడీలో చోటు మిగిలింది కదా అని ఆఖర్న పడేశారు. మిగతా పాటలన్నీ విని అక్కడిదాకా ఎవరూ రారులే అన్నాడు గ్లెన్. రేడియోవాడు నేరుగా ఆఖరి పాట పెట్టాడు.

ఆ ఏడాది, తొంభై ఆరు, ఆ పాట వినకుండా రొట్టె కొనుక్కోవడం కూడా కుదరలేదు. పెట్రోలు బంకులో అదే, పంటి డాక్టరు దగ్గర అదే, బస్సు డ్రైవర్ల నోట అదే. ఒకసారి చెవిలో పడితే జోరీగలా వదలదని పేపర్లో రాశారు. నాకు ఎంత సంతోషంగా ఉండాలి. ఉండనిచ్చారా?

రేడియోవాళ్ళు మమ్మల్ని ముగ్గుర్నీ పిలిచి, ఇంత కమ్మని పాట మీలాంటి బ్యాండ్ ఎలా చేసిందని అడిగారు. గ్లెన్ మైకు దగ్గరికి జరిగాడు. "అది వేళాకోళానికి చేశాం. మీరు పొద్దస్తమానం వేసే చవకబారు పాటలున్నాయే, వాటిని వెక్కిరిద్దామని. నిజంగా తువ్వాలూ లేదు, పాడూ లేదు. నోటికొచ్చింది కూర్చాం, మీరు పడిపోయారు" అన్నాడు. స్టూడియోలో అందరూ నవ్వారు. నేను వాడి పక్కనే ఉన్నాను. నా ముందూ ఒక మైకుంది. నోరు తెరిస్తే పాట నాదని చెప్పాలి, చెప్తే నియమం తప్పినట్టు. కక్కలేక మింగలేక కూర్చున్నాను. బయటికొచ్చాక, అలా అనకపోతే మనల్ని డబ్బుకి అమ్ముడుపోయారంటారే అని గ్లెన్ నాకే నచ్చచెప్పాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. అప్పట్నించి ఏ పబ్బులో వాయించినా ఆ పాటని చంపడం వాడి పని అయిపోయింది. ఒకచోట పాడె మోస్తున్నంత నెమ్మదిగా పాడాడు. ఒకచోట కాకిగొంతుతో పాడాడు. పల్లవి అవగానే ఆగి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని జనం వైపు చూసేవాడు. జనం ఒక్క గొంతుతో "ఉతికావా?" అని అరిచేవారు. అది వాడు నేర్పిందే. ఇక రెండో చరణం వచ్చేసరికి పాడటం మానేసి, హెయిర్ డ్రైయర్ తెచ్చి మైకు ముందు పెట్టి ఆన్ చేసేవాడు. తువ్వాలు ఆరబెడుతున్నాడట. మా నాన్న ఉన్న చోట హెయిర్ డ్రైయర్ బుర్రుమనేది. జనం కడుపు పట్టుకుని నవ్వేవారు. పోనుపోను ఇళ్ళ నించి తువ్వాళ్ళు తెచ్చి వేదిక మీదికి విసరడం మొదలెట్టారు. మా బ్యాండ్ పేరు అచ్చేసిన తువ్వాళ్ళు మేమే అమ్మడం మొదలెట్టాం. అదీ గ్లెన్ ఆలోచనే.

నాకు ఒళ్ళు మండిపోయేది. వాడు చెడ్డవాడైతే తిట్టి పోయేదాన్ని. వాడు చెడ్డవాడు కాదు. నా ఆంప్ పాడైతే తనది ఇచ్చి, తను ఇంటికెళ్ళి తెచ్చుకునే రకం. జనానికి నచ్చడమంటే వాడికి నిజంగా భయం, అంతే. భయపడేవాణ్ణి ఏమని తిడతాం?

అలా ఉండగా ఒక శుక్రవారం అమ్మ ఫోను చేసింది. గారెత్ స్నేహితుడి పెళ్ళికి సిడ్నీ వచ్చాడట. ఆదివారం మధ్యాహ్నం న్యూకాసిల్ వచ్చి పబ్బులో మా పాటలు వింటాడట. సాయంత్రం రైలుకే వెళ్ళిపోతాడట. ఇంటికి రమ్మంటే మాట దాటేశాడట. ఆ రోజు నాన్న ఇంట్లోనే ఉంటాడు.

"గొర్రె తొడ ఓవెన్లో పెడుతున్నా. నువ్వు వాణ్ణి తీసుకొచ్చెయ్యి" అంది అమ్మ, కిలో ఉల్లిపాయలు పట్రమ్మన్నంత తేలిగ్గా.

తీసుకురావడం ఎలాగో చెప్పలేదు. గారెత్‌తో ముక్కుసూటిగా మాట్లాడటం ఎవరి వల్లా కాదు. వాడు ప్రతిదానికీ ఏదో జోకేసి జారిపోతాడు. ఇంటికి రారా అంటే, మీ ఇంట్లో మొసళ్ళున్నాయా అంటాడు. వాడితో నేను చెప్పాలనుకున్నదంతా ఆ పాటలో ఉంది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఆ పాట రాసింది రాసినట్టు వాడి చెవిన పడితే, ఆ రెండో చరణం వింటే, వాడే వస్తాడనిపించింది. మరునాడు ప్రాక్టీసులో గ్లెన్‌కి చెప్పాను, రేపు పాట సరిగ్గా పాడాలని.

"సరిగ్గా అంటే?"

"సీడీలో ఉన్నట్టు. కాకిగొంతు వద్దు, డ్రైయర్ వద్దు. రెండు చరణాలూ పాడాలి."

"పిచ్చా ఏమిటే? జనం వచ్చేదే దానికోసం. మనం ముందే నవ్వెయ్యకపోతే వాళ్ళు మనల్ని చూసి నవ్వుతారు."

"నవ్వనీ. ఆ తువ్వాలు నిజంగా ఉండేది గ్లెన్. మా తమ్ముడిది. రేపు వాడొస్తున్నాడు."

గ్లెన్ గిటార్ కింద పెట్టేశాడు. "నిజంగా తువ్వాలుండేదా?" అన్నాడు. పాట తెచ్చిన రోజే చెప్పాను కదరా అంటే, అప్పుడు నేనేం చేస్తున్నాను అని అడిగాడు. మోసీ వెనక నించి, నువ్వప్పుడు గిటార్ పెడల్‌కి బ్యాటరీ మారుస్తున్నావు, నేను విన్నాను అన్నాడు. మరి నువ్వయినా చెప్పలేదేంరా అని మోసీని నిలదీస్తే, నన్నెవరడిగారు అన్నాడు వాడు. డ్రమ్స్ కొట్టేవాళ్ళందరూ ఇంతే.

గ్లెన్ మొహం చిన్నబోయింది. సరే, నువ్వెలా చెప్తే అలాగే పాడతా అన్నాడు. పాటని ఆఖర్న కాకుండా మధ్యలో పెట్టమన్నాను, తర్వాత గారెత్‌తో మాట్లాడటానికి టైముండాలని. దానికీ ఒప్పుకున్నాడు.

ఆదివారం పబ్బు వెనక తోటంతా జనం. బీరు గ్లాసులు, గ్రేవీ పోసిన చిప్స్, బల్లల కింద కుక్కలు, ఎండ. సగం మంది భుజాల మీద తువ్వాళ్ళు. మేము ఆంప్‌లకి వైర్లు తగిలించుకుంటుండగా గారెత్ వచ్చాడు. ఎండకి మాడి, ఉప్పుకి జుట్టు తెల్లబడి, నాకంటే పెద్దవాడిలా ఉన్నాడు. నన్ను ఎత్తి గిరగిరా తిప్పాడు. "ఏంటక్కా, నీ గిటారుకి రెండు తీగలు తక్కువున్నాయి, ఎవరైనా కొట్టేశారా?" అన్నాడు. బాస్ గిటార్‌కి నాలుగే ఉంటాయని వాడికి చిన్నప్పట్నించీ తెలుసు.

ఎలా ఉన్నావురా అంటే, రొయ్యలకంటే నయం అన్నాడు. అమ్మతో మాట్లాడావా అంటే, పబ్బులో స్టేక్ శాండ్‌విచ్ బాగుంటుందా అని అడిగాడు. నాన్న పేరెత్తబోతే బీరు తెచ్చుకుంటానని లేచాడు. చేపని చేత్తో పట్టుకున్నట్టే ఉంది. సరే, పాటే చెప్తుందిలే అనుకుని, మధ్యలో తువ్వాలు పాటుంటుంది, సరిగ్గా విను అన్నాను.

"అది వినకుండా ఉండటం ఎలాగో చెప్పు ముందు. మా పడవలో రొయ్యలకి కూడా వచ్చు ఆ పాట" అని వాడు మేము తువ్వాళ్ళమ్మే బల్ల దగ్గరికెళ్ళి బ్యాండ్ తువ్వాలొకటి కొని తలకి చుట్టుకున్నాడు. ఆ వేషం చూసి పక్కనున్న అమ్మాయిలు చప్పట్లు కొట్టారు. నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

మొదటి పాటలు ఎప్పటిలాగే ఎవరూ వినలేదు. తర్వాత గ్లెన్ మైకు దగ్గరికొచ్చి, ఏ వెటకారమూ లేకుండా, ఇది తువ్వాలు పాట అని మాత్రం అన్నాడు. అలా మామూలుగా చెప్పేసరికే జనం నవ్వారు. కొత్తరకం జోకనుకున్నారు.

గ్లెన్ మాట తప్పలేదు. అది నేను ఎక్కడైనా చెప్తాను. అంత బాగా వాడెప్పుడూ పాడలేదు. వాడి గొంతు అంత మెత్తగా ఉంటుందని అన్నేళ్ళూ పక్కనే ఉన్న నాకే తెలీదు. మొదటి చరణం బాగానే సాగింది. పల్లవి వచ్చింది. నీ తువ్వాలు నా తీగ మీదే ఉంది అని వాడు పాడీ పాడగానే తోటంతా ఒక్కసారి "ఉతికావా?" అని గర్జించింది. గ్లెన్ ఆగలేదు, చెవి దగ్గర చెయ్యి పెట్టలేదు, పాడుతూనే ఉన్నాడు. జనానికి వాడితో పనేముంది? వాళ్ళకి పాఠం వచ్చేసింది. ప్రతి పాదానికీ "ఉతికావా?". తువ్వాళ్ళు ఎగిరొచ్చి పడుతున్నాయి. ఒకటి మోసీ డ్రమ్స్ పక్కనున్న ఇత్తడి తాళం మీద పడి దాని నోరు మూసేసింది. ఒకటి బీరులో తడిసి వచ్చి నా భుజానికి చుట్టుకుంది.

రెండో చరణం మొదలైంది. నాన్న పాటలోకి వచ్చాడు. గ్లెన్ కళ్ళు మూసుకుని పాడుతున్నాడు. డ్రైయర్ ఎక్కడా కనపడకపోయేసరికి, తోటలో ఉన్నవాళ్ళందరూ పెదాలు బిగబట్టి బుర్రుమని నోటితోనే డ్రైయర్ చప్పుడు మొదలెట్టారు. ఒక్క మాట వినపడితే ఒట్టు. నాన్న వంగాడో లేచాడో దేవుడికే తెలియాలి. ఆ తువ్వాళ్ళ మధ్య నించి గారెత్ కోసం వెతికాను. తలకి తువ్వాలు చుట్టుకుని నిలబడి ఉన్నాడు. వాడి నోరు కూడా కదులుతోంది.

నా చేతులు ఆగిపోయాయి. కావాలని ఆపలేదు. ఇంక వాయించబుద్ధి కాలేదు. బాస్ ఆగితే పాట కింద నేల తీసేసినట్టుంటుంది. మోసీ నా వంక చూసి తనూ ఆపాడు. గ్లెన్ ఇంకో పాదం ఒంటరిగా పాడి, వెనక్కి తిరిగి మమ్మల్ని చూసి, వాడూ ఆపేశాడు. పాట మాత్రం ఆగలేదు. జనం పాడుతూనే ఉన్నారు. పల్లవీ వాళ్ళే, ఉతికావా అని అడిగేదీ వాళ్ళే, బుర్రుమనేదీ వాళ్ళే. వాళ్ళకి మేము అక్కర్లేదు. వాళ్ళు పాడుతున్న పాట నేను రాసింది కాదు.

బాస్ గిటార్ తీసి ఆంప్‌కి ఆనించి, భుజం మీది తడి తువ్వాలుతోనే కిందికి దిగాను. జనం దారిచ్చారు. నేరుగా వెళ్ళి గారెత్ ముందు నిలబడ్డాను.

"నువ్వు కూడా అరుస్తున్నావా?" అన్నాను.

"నేను అరవలేదక్కా. పాడుతున్నా. రెండో చరణం." వాడు తలకి చుట్టుకున్న తువ్వాలు తీసేశాడు. "అందులో ఉన్నది నేనే కదా?"

వాడే చెప్పాడు. ఏడాది కిందట పడవ మీద వల ఎత్తుతుంటే రేడియోలో వచ్చిందట. శాండ్‌విచ్ మాట వినగానే తెలిసిపోయిందట. ఆ రాత్రి పడుకోలేకపోయాడట. రెండో రోజు గ్లెన్ అదే రేడియోలో, అంతా కల్పితం, వేళాకోళానికి చేశాం అన్నాడట.

"నా సంగతి సరే. నాన్న సంగతే అర్థం కాలేదు. ఆయన వంగి వెళ్ళడం నిజమా, జోకా? నామీదే జోకేసి ఊరంతా పాడిస్తున్నావేమో అనుకున్నా. ఎవర్ని అడగను? అందుకే వచ్చా. ఆ చరణం వాయించేటప్పుడు నీ మొహం చూస్తే తెలుస్తుంది కదా అని. నువ్వేమో ముప్పావు వంతు సేపు బూట్లనే చూస్తావు."

అప్పుడు కొట్టాను. బీరు ఓడుతున్న ఆ తువ్వాలు తీసి, మెడ మీద ఒకటి, వీపు మీద ఒకటి. ఏడాదంతా ఒక ఫోను చెయ్యనందుకు ఒకటి, గ్లెన్ మాట నమ్మినందుకు ఒకటి. గ్లెన్‌ని కొట్టాల్సినవి కూడా వీడికే పడ్డాయి. చుట్టూ ఉన్నవాళ్ళు లెక్కపెడుతూ చప్పట్లు కొట్టారు. ఎవడో ఇంకో తువ్వాలు కూడా అందించాడు.

"నిజంరా వెధవా. నిజం. ఆయన నడుం సంగతి నీకు తెలుసుగా. బూటు లేసు కట్టుకోవాలంటే అమ్మని పిలుస్తాడు. అలాంటివాడు రోజూ దాని కింద వంగి వెళ్ళేవాడు. చివరికి అది పీలికలై గాలికి పోతే, ఆ పూట షెడ్డులోంచి బయటికి రాలేదు. పాటలో అది రాయలేదు. రాస్తే ఎవరూ పాడరని రాయలేదు."

గారెత్ ఏ జోకూ వెయ్యలేదు. కాసేపు తన చేతిలో తువ్వాలు అటూ ఇటూ తిప్పాడు. వేదిక మీద గ్లెన్ జనాన్ని ఊరుకోబెట్టడానికి తంటాలు పడుతున్నాడు. ఈ పాట జోక్ కాదు, నిజంగా కాదు అంటున్నాడు. వాడన్న ప్రతిసారీ జనం మరీ నవ్వుతున్నారు. చేసిన పాపం ఎక్కడికి పోతుంది?

"ఇంట్లో ఉన్నాడా?" అన్నాడు గారెత్.

"ఉన్నాడు. అమ్మ గొర్రె తొడ వండుతోంది. నిన్ను తీసుకురమ్మంది."

"ఏమంటాడు?"

"నాకేం తెలుసు? నీతో ఏమంటాడో పాట రాయలేదు నేను."

వాడు వేదిక వంక చూశాడు. "ఇంకా ఎన్ని పాటలున్నాయి మీకు?"

ఐదారుంటాయన్నాను.

"నువ్వు రాసినవేనా?"

ఆ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. పేపర్లవాళ్ళు, రేడియోవాళ్ళు, దారినపోయేవాళ్ళు. అందరికీ మూడు పేర్లూ కలిపి చెప్పేదాన్ని.

"కాదు. అన్నీ గ్లెన్‌వే" అన్నాను.

"అయితే ఇప్పుడే పోదాం పద" అన్నాడు గారెత్.

నా గిటార్ తీసుకోవడానికి వేదిక ఎక్కాను. మధ్యలో ఎక్కడికే అని గ్లెన్ కంగారుగా అడిగాడు. మా తమ్ముడు ఇంటికొస్తున్నాడు అన్నాను. మైకు నా మొహం పక్కనే ఉంది. ఆ మాట తోట ఆ చివరిదాకా, వెనక వీధి దాకా, ఒక్క అక్షరం పోకుండా వినపడింది. జనం పగలబడి నవ్వారు.